యాభై అయిదు నిమిషాల దూరం

ఆమె పిరికిది. ఆ మాట ఎవరూ అనక్కర్లేకుండా తనే ముందు ఒప్పుకునేది. బల్లి కనబడితే కుర్చీ ఎక్కేది. ఉరుము వినబడితే చెవులు మూసుకునేది. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే పక్కనున్నవాళ్ల మోచెయ్యి పట్టుకునేది, వాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లయినా సరే. అయితే ఆ పిరికితనం ఆమె గొంతులోకి మాత్రం ఎక్కలేదు. నిండుకుండలాంటి గొంతు, తొణకదు. లోపల గుండె గడగడలాడుతున్నా బయటికొచ్చే మాట మాత్రం నిలకడగా, చల్లగా వచ్చేది.

ఆ గొంతే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. మొదట్లో ఒక ఎముకల డాక్టరు దగ్గర టోకెన్ నంబర్లు పిలిచేది. చీలమండ విరిగిన ఒకాయన అక్కడ బెంచీ మీద మూడు గంటలు కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికి వెళ్లబోతూ ఆగాడు.

"నీ గొంతు వింటుంటే నొప్పి సగం తగ్గినట్టుందమ్మా. మా ఎయిర్‌పోర్టులో మైకు దగ్గరికి మనిషి కావాలి. వస్తావా?"

"విమానం ఎక్కాలా సార్?" ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే.

"అక్కర్లేదు. కింద కూర్చుని చెప్పడమే."

అలా చేరింది. పదకొండేళ్లు గడిచేసరికి అక్కడ పనిచేసేవాళ్లకీ, తరచూ వచ్చిపోయేవాళ్లకీ ఆమె పేరే మరుగునపడి మైకక్క అయిపోయింది. చీలమండ విరిగిన ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఆ ఎయిర్‌పోర్టు మేనేజరే.

చిన్న ఎయిర్‌పోర్టు. ఒకే రన్‌వే, ఒకే హాలు, నాలుగు బారల సామాన్ల బెల్టు. హాలు మూల అద్దాల గది మైకక్కది. ఒక కుర్చీ, ఒక బల్ల, స్పాంజి చిరిగితే తనే కుట్టుకున్న మైకు, ఒక ఫోను. బటన్ నొక్కితే ముందు టింగ్ టాంగ్ అని మోగుతుంది, తర్వాత ఆమె మాట్లాడుతుంది. పెద్ద ఊరి నుంచి రోజుకి రెండు విమానాలు వస్తాయి. నలభై మంది పట్టే, రెక్కలకు ఫ్యాన్లుండే విమానాలు. ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య రెండువందల తొంభై కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలు.

ఆమె భర్త అవే రెండు ఊళ్ల మధ్య బస్సు నడిపేవాడు. కొండలు చుట్టుకుంటూ పోయే ఆ రోడ్డు నాలుగువందల అరవై కిలోమీటర్లు, పదకొండు గంటలు. ఇంట్లో ఆ ఇద్దరికీ ఇదొక తీరని తగువు.

"రెండొందల తొంభై ఎక్కడుందే? నేను చక్రం తిప్పి తిప్పి చేతులు కాయలు కాయించుకుంటున్నాను. మీది కాకిలెక్క!" అనేవాడు.

"నిజమేనండీ. కాకి ఎగిరే దూరమే లెక్క వేస్తారు మా వాళ్లు," అనేది ఆమె.

ఆ తగువుకి తీర్పరి అత్త. బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బొత్తాల కాజాలు కుట్టిన మనిషి. వంగి వంగి కుట్టడంతో వెన్ను పాడైంది గానీ నోరు చెక్కుచెదరలేదు. కోడలి పిరికితనాన్ని ఆటపట్టించడమే ఆమెకు పెద్ద కాలక్షేపం. పిడుగు పడితే మాత్రం కోడలి పక్కన వచ్చి కూర్చునేది, "నాకేం భయం, నువ్వు జడుసుకుంటావని వచ్చాను" అంటూ.

ఆ వెన్నుకే పెద్ద ఊళ్లో ఆపరేషన్ చేశారు. వెళ్లేటప్పుడు కొడుకు బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్లాడు. ప్రతి మలుపులోనూ ఆమె పళ్లు బిగబట్టడం అద్దంలో చూస్తూ నడిపాడు. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు అక్కడే కూతురింట్లో ఉంది. ఇంటికి పంపించేముందు డాక్టరు గట్టిగా చెప్పాడు: రెండు గంటలకు మించి కూర్చోకూడదు, కుదుపులు అసలే పనికిరావు.

"అయితే విమానమే," అంది మైకక్క.

ఫోన్లో అత్త గయ్యిమంది. "నేల మీద నడవడమే చాతకావట్లేదు, గాల్లో ఏం తిరగనే?"

"నడిచేది మీరు కాదత్తయ్యా, విమానం. గంట కూడా పట్టదు. ఒక కునుకు తీసేలోగా దిగిపోతారు."

"నువ్వెప్పుడైనా ఎక్కావా?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. "రోజూ చూస్తున్నానుగా!"

"చూస్తే సరిపోతుందా? సరేలే. పిరికిదానివి నువ్వే చెప్తున్నావంటే భయం లేదనే కదా."

ఆ మాట మైకక్కకు ఎక్కడో గుచ్చుకుంది. తను ఎక్కని దాన్ని అత్త చేత ఎక్కిస్తోంది. ఆ రాత్రి భర్త కూడా అడ్డు చెప్పలేదు, "నీకు తెలిసిన చోటు కదా, చూసుకో" అన్నాడంతే.

ప్రయాణం రోజున పొద్దుటి నుంచీ ఆకాశం బాగానే ఉంది. మధ్యాహ్నానికి కొండల వైపు మబ్బు పట్టింది. ఆడపడుచు ఫోన్ చేసి, అమ్మను చక్రాల కుర్చీలో ఎక్కించారనీ, కిటికీ పక్క సీటు వద్దని గొడవపెట్టి నడవ పక్క సీటు వేయించుకుందనీ చెప్పి నవ్వింది. ఒంటిగంట దాటిన పది నిమిషాలకు విమానం లేచింది. రెండూ అయిదుకు దిగాలి.

ఎప్పుడూ ఒక ఆనవాయితీ ఉండేది. విమానం ఇరవై నిమిషాల దూరంలో ఉండగా పైలట్ టవర్‌తో మాట్లాడతాడు. టవర్‌లో ఉండే పెద్దాయనను అందరూ బాబాయి అంటారు. ఆయన వెంటనే మైకు గదికి ఫోన్ చేసి "పిట్ట పలికిందమ్మా" అంటాడు. అప్పుడు ఆమె బటన్ నొక్కి, విమానం మరికాసేపట్లో దిగబోతోందని చెబుతుంది.

ఆ రోజు ఫోన్ మోగలేదు.

రెండు గంటలకు ఆమే ఫోన్ చేసింది. "బాబాయ్, పిట్ట?"

"చూస్తున్నానమ్మా," అని పెట్టేశాడు. బాబాయి అంత పొడిగా మాట్లాడ్డం ఆమె ఎన్నడూ వినలేదు.

రెండూ అయిదు అయింది. రెండూ పది అయింది. రన్‌వే మీద టైర్ల మరకలు తప్ప ఏమీ లేదు. మేనేజరు లోపలికి వచ్చి మైకు గది తలుపు మూశాడు. చొక్కా చంకల దగ్గర తడిసి ఉంది.

"ఆలస్యంగా వస్తుందని చెప్పు."

"ఎంత ఆలస్యం సార్?"

"ఎంత అని చెప్పకు. ఆలస్యం. అంతే."

ఆమె బటన్ నొక్కింది. టింగ్ టాంగ్. విమానం ఆలస్యంగా నడుస్తోందనీ, అసౌకర్యానికి చింతిస్తున్నామనీ చెప్పింది. హాల్లో కొందరు విసుక్కున్నారు, కొందరు టీ కౌంటర్ వైపు నడిచారు. ఆ గొంతు విని ఎవరూ భయపడలేదు. ఆమెకు మాత్రం తన గొంతే ఎవరిదో అనిపించింది.

ఇంక కూర్చోలేకపోయింది. టవర్‌కు చుట్టలు తిరిగే ఇనప మెట్లున్నాయి. సందుల్లోంచి కింద నేల కనబడుతుందని ఆమె పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ రోజు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కళ్లు పాదాల మీదే పెట్టి, ఎక్కేసింది.

పైన బాబాయి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకే మాట పదేపదే పిలుస్తున్నాడు. జవాబుగా చింతనిప్పుల మీద నీళ్లు చల్లినట్టు చుయ్ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమెను చూసి హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి జరిపాడు.

"రెండో కొండ వరస దాటుతూ మబ్బులోకి వెళ్తున్నానని పెద్ద ఊరి టవర్‌కి చెప్పాడటమ్మా. అంతే. ఆ తర్వాత పలకడం లేదు."

"వెనక్కి వెళ్లిపోయి ఉంటారేమో?"

"వాళ్లనీ అడిగాను. అక్కడికీ రాలేదు."

"విమానం ఎక్కడుందో చూపించే తెర ఏదీ లేదా బాబాయ్?"

"ఉంది. కొండల అవతల కనబడదు."

"అందులో మా అత్త ఉంది," అంది.

బాబాయి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ వెంటనే పెట్టుకున్నాడు. "నాకు తెలీదు తల్లీ," అన్నాడు మెల్లగా.

"ఎంతసేపు ఎగరగలదు?"

"ఆయిలు నాలుగింటిదాకా వస్తుంది. ఓ పది నిమిషాలు అటూ ఇటూ. నాలుగు దాటితే గాల్లో ఉండదు."

"గాల్లో లేకపోతే?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "కింద ఉంటుంది."

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే గుర్తులేదు.

మూడు గంటలకు హాల్లో మాటలు తగ్గిపోయాయి. జనం గుంపులుగా నిలబడి బోర్డు వైపు చూస్తున్నారు. మైకక్క అప్పటికి మూడుసార్లు అదే ఆలస్యం మాట చెప్పింది. మూడోసారి "చింతిస్తున్నాము" అనే చోట మాట విరిగింది. చాలా చిన్న విరుపు. కానీ ఆ హాల్లో ఆ గొంతుకు అలవాటుపడిన మనిషి ఒకాయన ఉన్నాడు. పెద్ద ఊరి నుంచి మందులు తెప్పించుకునే మందుల షాపాయన. వారానికి రెండుసార్లు పార్సిళ్ల కోసం వస్తాడు. ఆ రోజు మాత్రం తమ్ముడి కోసం వచ్చాడు. తిన్నగా వచ్చి అద్దం మీద వేలితో తట్టాడు.

"మైకక్కా. నీ గొంతెందుకు మారింది?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పదేళ్ల నుంచి వింటున్నాను. వానలో ఆగినప్పుడు విన్నాను, టైరు పేలినప్పుడు విన్నాను. ఎప్పుడూ ఇలా లేదు. ఏం జరిగిందో చెప్పమ్మా. నాకున్నది ఒక్కడే తమ్ముడు."

మేనేజరు దూరం నుంచి చూస్తూ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మైకక్క బటన్ మీద వేలు పెట్టి తీసేసింది. ఆ గదిలో కూర్చుని చెప్పడం అన్యాయమనిపించింది. తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది. మైకు లేకుండా అంతమంది ముందు ఆమె ఏనాడూ మాట్లాడలేదు. సామాన్ల బెల్టు అంచుని పట్టుకుంది.

"విమానం మాట్లాడ్డం లేదండీ," అంది. "మబ్బులోకి వెళ్తున్నానని చెప్పారట, తర్వాత పలకలేదు. అక్కడికీ వెళ్లలేదు, ఇక్కడికీ రాలేదు. ఇంతకు మించి ఎవరికీ తెలీదు. దాచిపెట్టింది ఇంకేం లేదు. అందులో మా అత్తయ్య కూడా ఉంది."

ఎవరో కేక పెట్టారు. ఒకామె ఉన్నచోటే బెల్టు మీద కూలబడింది. ఒక ముసలాయన "ఇంతసేపు ఎందుకు దాచారు?" అంటూ మేనేజరు మీదకు వెళ్లాడు. మేనేజరు వెనక్కి తగ్గలేదు. "అందరికీ మంచినీళ్లు ఇవ్వండి" అని టీ కౌంటర్ వాడికి చెప్పాడు. మైకక్కను కోప్పడలేదు. ఆమె పక్కనుంచి పోతూ, "మంచిపని చేశావో చెడ్డపని చేశావో నాకు తెలీడం లేదు," అన్నాడు.

సరిగ్గా అప్పుడు భర్త వచ్చాడు. స్నేహితుడి కారు అడిగి తెచ్చుకున్నాడు, అమ్మకు వెన్ను కదలకుండా. దారిలో ఆగి రెండు కొత్త దిండ్లు కొన్నాడు. అందుకే ఆలస్యమైంది. ఖాకీ చొక్కాతో, చెరో చంకలో ఒక దిండుతో, నవ్వుతూ హాల్లోకి అడుగుపెట్టాడు.

"అమ్మ దిగిందా? కోపంగా ఉందా?"

అతను ఆమె ముఖం చూశాడు, చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీయడం మర్చిపోయినట్టు.

ఆమె చెప్పింది. విన్నాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"గంట కూడా పట్టదన్నావు," అన్నాడు. అంతే అన్నాడు.

వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు, దిండ్లు ఒళ్లో పెట్టుకుని. ఆమె పక్కన కూర్చోవాలా వద్దా అని కాసేపు నిలబడింది. చివరికి ఒక కుర్చీ వదిలేసి కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీ ఆమెను చాలా భయపెట్టింది.

కాసేపటికి అతనే అడిగాడు, బండి గురించి అడిగినట్టు. "ఆయిలు ఎంత పోస్తారు?"

"వచ్చేదానికి సరిపడా, ఇంకో ఊరికి పోవాల్సొస్తే దానికి, ఆపైన కొంచెం."

"ఎప్పటిదాకా వస్తుంది?"

ఆమె గోడ గడియారం వైపు చూసింది. అతనూ చూశాడు. లెక్క అతనికి అర్థమైంది. డ్రైవరు కదా. మరి అడగలేదు.

నాలుగు గంటలు కావస్తోంది. ఆ నాలుగు సంగతి అందరికీ తెలియదు. బాబాయికీ, మేనేజరుకీ, ఈ ఇద్దరికీ తెలుసు. పెద్దముల్లు పన్నెండు మీదకు వచ్చింది. ఒళ్లో దిండుని అతను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. ముల్లు పన్నెండు దాటింది. ఇంకో పది నిమిషాలు దాటింది. బయట వాన మొదలైంది.

అంతదాకా ఆమె భయం ఆకాశం వైపు చూసింది. ఇప్పుడు ఎటు చూడాలో దానికే తెలియలేదు. ఇక ఆ విమానం ఎక్కడో ఒకచోట నేల మీదే ఉంది. కొండ మీదా, అడవిలోనా, నీళ్లలోనా. చక్రాల మీద ఉందా, ముక్కలై ఉందా. కళ్లు మూసుకుంటే నడవ పక్క సీటులో బెల్టు పెట్టుకుని కూర్చున్న అత్త కనబడుతోంది. తెరిస్తే ఆ దిండ్లు కనబడుతున్నాయి. అత్త ఆఖరున ఫోన్లో ఏమందో గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఏ మాటా గుర్తురాలేదు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

అతను చూశాడు. లేచి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఒక దిండు ఆమె ఒళ్లో పెట్టాడు.

అయిదు కావస్తుండగా ఇనప మెట్ల మీద దడదడమని చప్పుడైంది. బాబాయి! డ్యూటీలో ఉండగా ఆయన హాల్లోకి రావడం ఎవరూ చూడలేదు. ఆయాసంతో గోడ పట్టుకున్నాడు.

"దిగింది," అన్నాడు. "ఉప్పుమళ్ల దగ్గర పాత రన్‌వే ఉంది చూడు, దాని మీద దించాడు. ఉన్నారు. అందరూ ప్రాణాలతో ఉన్నారు."

హాలంతా ఆయన మీదకు విరుచుకుపడింది. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మబ్బులో ఉండగా విమానంలో కరెంటు పోయింది, రేడియో పోయింది, దారి చూపే ముళ్లూ ఆగిపోయాయి. ఆ మబ్బులో కొండల మధ్య దిగే సాహసం చేయకుండా పైలట్ సముద్రం వైపు తిప్పాడు. మబ్బు పలచబడిన చోట కిందికొచ్చి, చాలా కాలంగా వాడని ఆ రన్‌వే మీద దించాడు. ముందు చక్రం విరిగి ముక్కు నేలకు కొట్టుకుంది. అక్కడ సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. పైలట్ పక్క సీటులో ఉండే చిన్న పైలట్ గట్ల వెంట బురదలో నడిచి, దూరాన ఉన్న ఉప్పు గోదాము చేరుకుని అక్కడి నుంచి ఫోన్ చేశాడు.

"దెబ్బలు తగిలినవాళ్లున్నారా?" భర్త అడిగాడు.

"ఉన్నారట. ఎవరికి, ఎంత అన్నది తెలీదు."

మేనేజరు మైకు గది వైపు చూపించాడు. బయట వరండాలో, కారు షెడ్డులో ఉన్నవాళ్లకు కూడా తెలియాలి. మైకక్క వెళ్లి బటన్ నొక్కింది. టింగ్ టాంగ్. నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఎయిర్‌పోర్టు అంతటా స్పీకర్లలోంచి ఆమె ఊపిరి ఒక్కటే వినబడింది, బరువుగా, ఎగశ్వాసగా. జనం తలలెత్తి విన్నారు. చివరికి, "ఉన్నారండీ," అంది. "అందరూ ఉన్నారు." ఆ మాట మైకులో పడీ పడకుండానే ఏడ్చేసింది. అది కూడా స్పీకర్లలోంచే వినబడింది.

భర్త డిపోకి ఫోన్ చేసి బస్సు తెప్పించాడు. తనే చక్రం పట్టుకున్నాడు. వెళ్లగలిగిన చుట్టాలందరూ ఎక్కారు, మందుల షాపాయన ముందు సీటులో డబ్బానిండా కట్లూ దూదీ పెట్టుకుని కూర్చున్నాడు. రెండు గంటల దారి. ప్రాణాలతో ఉన్నారన్న మాట ఆమె భయాన్ని తీయలేదు, దానికి ఒక చోటు చూపించిందంతే. మూడు వారాల కిందట కోసి కుట్టిన వెన్ను. కుదుపులు పనికిరావన్నాడు డాక్టరు. ముక్కు నేలకు కొట్టుకుందంటున్నారు. నడుం కింద చచ్చుబడితే? రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకునేది. అద్దంలో చూస్తే భర్త పెదాలు బిగించి నడుపుతున్నాడు.

చీకటి పడుతుండగా చేరారు. తెల్లటి ఉప్పు మళ్ల మధ్య విమానం మోకాళ్ల మీద కూలబడ్డ ఎద్దులా ఉంది. ఉప్పు గోదాము షెడ్డు కింద జనం గోనెపట్టాలు కప్పుకుని కూర్చున్నారు. ఎవరికో తలకు కట్టు, ఎవరికో మోకాలికి. బస్సు దిగినవాళ్లు తమ వాళ్లను చూసి పేర్లు పెట్టి పిలుస్తూ పరుగెత్తారు. మైకక్క కళ్లు ఒక్కొక్క ముఖాన్నీ తడుముతున్నాయి. అత్త లేదు.

షెడ్డు చివర ఊడదీసిన తలుపు చెక్క ఒకటి నేల మీద వేసి ఉంది. దాని మీద టార్పాలిన్ కప్పుకుని ఒక మనిషి పడుకుని ఉంది. కదలడం లేదు. నెరిసిన జుట్టు కనబడింది.

ఆమె కాళ్లు ముందుకు పడలేదు. భర్త కూడా రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆ రెండడుగులు వేయడానికి ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

"అత్తయ్యా!" అని అరిచింది ఆమె.

"అరవకే తల్లీ," అంది టార్పాలిన్. "వెన్ను నిలబడింది గానీ నీ అరుపుకి చెవులు పోయేట్టున్నాయి. కదలొద్దన్నారు, కదలకుండా పడుకున్నాను. ఇంతసేపా రావడానికి?"

భర్త ఆ చెక్క పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త అతని తల నిమురుతూ కోడలి వైపు చూసింది. "కాళ్లు ఆడుతున్నాయి. చూడు," అని బొటనవేళ్లు ఆడించి చూపించింది.

పక్కన కూర్చున్న కుర్రాడి ముంజెయ్యి వాచిపోయి ఉంది. దిగేముందు అతను తన కోటు మడిచి ఆమె నడుం వెనక పెట్టి, దాని వెనక తన చెయ్యి అడ్డం పెట్టాడట. దెబ్బ ఆ చేతికి తగిలింది. మందుల షాపాయన కట్టు కడుతూ, "ఒరేయ్, చిన్నప్పుడు చీమ కుట్టినా ఊరంతా వినబడేలా ఏడ్చేవాడివి కదరా," అంటూ తనే కళ్లు తుడుచుకుంటున్నాడు. అతనే ఆ తమ్ముడు.

అత్త వెన్నుకు ఏమీ కాలేదని మర్నాడు డాక్టర్లు చెప్పారు. ఇంటికొచ్చాక వారం రోజులపాటు ఆమె అందరికీ ఆ కథ హాస్యంగానే చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం కోడలు కాళ్లకు నూనె రాస్తుంటే మాత్రం ఉన్నట్టుండి అంది:

"దీపాలు ఆరిపోయాక ఎవరూ మాట్లాడలేదే. కిటికీలో తెల్లగా మబ్బు తప్ప ఏమీ లేదు. పైకి పోతున్నామో కిందికి పోతున్నామో తెలీలేదు. గుండె నోట్లోకొచ్చింది. పక్కవాడికి తెలియకూడదని మింగేశాను. నువ్వు అక్కడ ఎదురుచూస్తుంటావని అనుకున్నాను. పిచ్చిది ఎంత జడుసుకుంటోందో అనుకున్నాను."

కోడలు తల వంచుకుని నూనె రాస్తూనే ఉంది. భర్త ఆమెను మళ్లీ ఒక్క మాట అనలేదు. "గంట కూడా పట్టదన్నావు" అన్నందుకు మాత్రం చాలా రోజులకు, అన్నం తింటూ, "ఆ రోజు నోరు జారాను," అన్నాడు. ఆమె మజ్జిగ వంచుతూ, "మీరు అనకపోతే నాకు నేనే అనుకునేదాన్ని," అంది.

ఆమె వెంటనే మైకు దగ్గరికి వెళ్లలేకపోయింది. బటన్ నొక్కితే గొంతు పట్టుకుపోయేది. మేనేజరు సామాన్ల కౌంటర్లో వేశాడు. మైకు దగ్గర వేరే అమ్మాయిని పెట్టాడు. ఆమె మాట చకచకా సాగేది, ఎవరికీ అర్థమయ్యేది కాదు. మూడు నెలలయ్యాక మేనేజరు అడగనూ లేదు, మైకక్క చెప్పనూ లేదు, ఒక పొద్దున వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. గొంతు తిరిగి వచ్చింది. అయితే విమానం దిగి, ఫ్యాన్లు ఆగి, మెట్లు వేసి, మొదటి మనిషి కాలు నేల మీద పెట్టేదాకా ఆమె గుక్కెడు నీళ్లు కూడా తాగేది కాదు. ఆ అలవాటు ఇంక పోలేదు.

మరుసటి ఏడాది అత్తను మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్నాడు పెద్ద ఊరి డాక్టరు. కొడుకు బస్సులో తీసుకెళ్తానన్నాడు.

"పదకొండు గంటలు నా వల్ల కాదు. విమానంలోనే పోతాను," అంది అత్త. "ఈసారి కిటికీ పక్కన కూర్చుంటాను. అప్పుడు ఏమీ చూడలేదు."

మైకక్క ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారాక, "నేనూ వెళ్తానండీ," అంది భర్తతో.

అతను బూట్లు తొడుక్కుంటూ ఆగాడు. "నువ్వా? లిఫ్టే ఎక్కలేవు."

"కింద కూర్చుని ఎదురుచూడ్డం నావల్ల కాదు. అంతకన్నా పైన భయపడ్డమే నయం."

ఎక్కింది. అద్దాల గదిలోంచి ఆ చకచకా మాట్లాడే అమ్మాయి ఏదో చెబుతుంటే ఒక్క ముక్క వినబడలేదు. తలుపు మూసిన చప్పుడుకే కళ్లు గట్టిగా మూసుకుంది. ఫ్యాన్లు హోరుమన్నాయి, సీటు వీపుని తోసింది, పొట్ట కిందే ఉండిపోయినట్టయింది. అత్త మోచెయ్యి దొరకబుచ్చుకుని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"మబ్బులే, కళ్లు తెరువు, దూది కుప్పల్లా ఉన్నాయి."

"మీరు చూడండి అత్తయ్యా. నేను తర్వాత చూస్తాను."

"తర్వాతంటే?"

"దిగాక."

అత్త పకపకా నవ్వింది. కొండల మీద విమానం కాస్త ఊగింది. నవ్వు ఆగింది. ఆ ముడతలు పడిన చెయ్యి తిరిగి కోడలి చేతిని గట్టిగా పట్టుకుంది. చక్రాలు నేలను తాకేదాకా ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.